కుక్కపిల్ల పుట్టిన తేదీ

మా అపార్టుమెంటులో ఎవరికి ఏ ఫారం నింపాల్సి వచ్చినా నా తలుపే తడతారు. గుంటూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉద్యోగకాలమంతా ఫారాల మధ్యే గడిపినదాన్ని కనుక, రిటైరయినా ఆ పీడ నన్ను వదల్లేదు. రేషన్ కార్డులు, పాస్‌పోర్టులు, స్కూలు అడ్మిషన్లు అన్నీ చూశాను గానీ కుక్కపిల్ల ఫారం కూడా చూడాల్సి వస్తుందని అనుకోలేదు. మొన్న ఆదివారం పై అంతస్తులో ఉండే ప్రశాంతి ఒక చేత్తో ఫోనూ, ఇంకో చంకలో గోధుమరంగు లాబ్రడార్ పిల్లనూ పట్టుకుని వచ్చింది. బ్యాంకులో పనిచేస్తుంది, మంచి పిల్ల. కుక్కపిల్లని కెన్నెల్ క్లబ్‌లో రిజిస్టరు చేయించాలట. తండ్రి పేరు, తల్లి పేరు, తాతల పేర్లు, ఎవరింట్లో పుట్టింది, వంటి మీద చిప్పు నంబరు, అన్నీ వరసగా అడుగుతోంది ఫోను. ప్రశాంతి చదువుతుంటే నేను ఒక్కొక్కటే సరిచూస్తూ పుట్టిన తేదీ దగ్గరికి వచ్చాను. అక్కడ ప్రశాంతి నా పక్కకి జరిగి, "ఆంటీ, వయసు ఓ ఇరవై రోజులు తగ్గిద్దామా? వచ్చే షోలో చిన్నపిల్లల విభాగంలోకి వచ్చేస్తుంది. ఇచ్చినాయన కూడా సరేనన్నాడు" అంది. వద్దన్నాను. అవసరమైన దానికంటే గట్టిగానే అన్నాననుకుంటాను, కుక్కపిల్ల ఉలిక్కిపడి నా వైపు చూసింది. "కుక్క తేదీయే కదా ఆంటీ, ఎవరికి నష్టం" అంది ప్రశాంతి చిన్నబుచ్చుకుని. నేను అసలు తేదీయే వేయించి పంపించాను. ఆ పిల్ల ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు.

ఎవరికి నష్టం అన్న మాట మా నాన్న నోటి వెంట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మాది మార్టూరుకీ పర్చూరుకీ మధ్య నల్లరేగడి పల్లె. నాన్న అక్కడ బడికి హెడ్మాస్టరు. జూన్‌లో బడి తెరవగానే తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని తెచ్చి ఆయన బల్ల ముందు నిలబెట్టేవాళ్లు. ఎప్పుడు పుట్టాడమ్మా అంటే ఒకామె బేరన్లలో పొగాకు కాల్చి ఆరబెట్టే రోజుల్లో అండి అనేది, ఇంకొకామె మా మరిది పెళ్లయిన మూడో నెల అనేది. నాన్న పిల్లవాణ్ణి కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవాడు. అందితే అయిదేళ్లు నిండినట్టు. ఆ తర్వాత కళ్లజోడు సవరించుకుని, అందమైన గుండ్రటి అక్షరాలతో జూలై ఒకటి అని రాసేవాడు. సంవత్సరం మాత్రం తనకి తోచింది వేసేవాడు, ఎప్పుడూ వయసు ఏడాదో ఏడాదిన్నరో తగ్గేలా. మా ఊళ్లో సగం మంది జూలై ఒకటినే పుట్టారు. రేపు ఉద్యోగం వస్తే ఆఖర్న ఏడాదిన్నర కలిసొస్తుందమ్మా, ఎవరికి నష్టం అనేవాడు. దానికి ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. పిల్లలకి తాను పెట్టే దీవెన అనుకునేవాడు, ఊరు కూడా అలాగే అనుకుంది. సొంత కూతురికి ఆ దీవెన పెట్టకుండా ఎలా ఉంటాడు? నేను మాఘమాసంలో, మిరప రెండో కోత నాడు పుట్టానని అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ మాఘం కాదు, ఆ పైఏడు వచ్చిన జూలై ఒకటిని నాన్న నా పుట్టినరోజు చేశాడు.

ఆ ఇంటిని తలుచుకుంటే ఇప్పటికీ ముందు నాకు తుమ్ము వస్తుంది. మాఘం నుంచి వైశాఖం దాకా ఇల్లంతా మిరపఘాటే. వాకిలి దాటితే కళ్లం, కళ్లం నిండా ఎర్రగా ఆరబోసిన కాయలు. నాయనమ్మ ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని వసారాలో కూర్చుని తాలుకాయలు ఏరేది, ఏరుతూనే వచ్చేపోయే వాళ్లందరి కష్టసుఖాలూ విచారించేది. ముందుగదిలో సగం పత్తి కుక్కిన బోరేలు. అమ్మ మిరపకాయలు ముట్టుకున్న చేతులకి ఎన్నిసార్లు మజ్జిగ రాసుకున్నా మంట పోయేది కాదు, అదే చేత్తో మాకు అన్నం కలిపి పెట్టేది. నాన్న బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, పడక్కుర్చీలో వార్తలు వింటూ ఎర్రనీలం పెన్సిలుతో కాంపోజిషన్లు దిద్దేవాడు. పోగొట్టుకున్నవాటి మీద ప్రేమ ఎక్కువంటారు గానీ, నాకు ఆ ఇంటి మీద ప్రేమ ఎంతుందో ఊపిరాడనితనమూ అంతే గుర్తుంది.

చిలకలూరిపేటకి బస్సు మీద వెళ్లి ఇంటర్ చదివాను. డాక్టర్ని కావాలని నాకు పిచ్చి. కాలేజీలో మార్కులు కూడా బాగానే వచ్చాయి. మెడికల్ ఎంట్రన్సుకి దరఖాస్తు పంపితే నెల తిరక్కుండా వెనక్కి వచ్చింది. ఆ ఏడు డిసెంబరు ఆఖరుకి పదిహేడేళ్లు నిండాలి, నీకు నిండటం లేదు అని. నాకు అప్పటికే పదిహేడు నిండి మూడు నెలలు. సర్టిఫికెట్టు ప్రకారం పదహారు కూడా లేవు. నాన్న ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఒక్క ఏడాదే కదమ్మా, ఇంట్లో కూర్చుని బాగా చదువుకుని రాద్దువుగాని" అన్నాడు. తేదీ దిద్దించడానికి దారి లేకపోలేదు. మొదట బళ్లో చేర్చినప్పుడు తేదీ తప్పుగా రాశామని తండ్రి ఒక ప్రమాణపత్రం, హెడ్మాస్టరు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. నా విషయంలో ఆ ఇద్దరూ ఒక్కరే. నేను అడిగాను, ఏడ్చాను, రెండు పూటలు అన్నం మానేశాను. ఆయన కోప్పడలేదు, రాయనూ లేదు.

ఆ ఏడాది ఎలా గడిచిందో ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. పొద్దున్నే ఏడున్నరకి పేట బస్సు మా సందు మొగలో హారన్ కొట్టేది. రెండేళ్లు ఆ హారన్‌కి పరుగెత్తిన కాళ్లు, ఇప్పుడు వంటింట్లో ఆగిపోయేవి. బస్సు కదిలిపోయిన చప్పుడు దూరం అయ్యేదాకా నేను చేతిలో ఏ పనీ చేయలేకపోయేదాన్ని. చదువు అయిపోయిందనుకుని ఊళ్లోవాళ్లు సంబంధాలు చెప్పడం మొదలుపెట్టారు. మా మేనత్త వచ్చినప్పుడల్లా, "ఊరికే ఉన్నపిల్లని ఎన్నాళ్లు కూర్చోబెడతావు అన్నయ్యా" అనేది. పుస్తకం పట్టుకుంటే నాయనమ్మ మిరపకాయల దగ్గరికి పిలిచేది, మిరపకాయల దగ్గర కూర్చుంటే తుమ్ములు. వాకిట్లో నిలబడితే ఎందుకు నిలబడ్డావని అడిగేవాళ్లు. నా వయసు రోజుకొక రోజు పెరుగుతోంది గానీ కాగితంలో పిల్ల నన్ను అందుకోవడానికి వెనకాల నింపాదిగా నడిచి వస్తోంది. ఆ పిల్ల కోసం నేను గుమ్మంలో కూర్చుని ఎదురుచూడాలి. ఆ పిల్ల మీద నాకు ఎంత అసహ్యం పుట్టిందో చెప్పలేను.

ఆ శీతాకాలంలో రోజీ మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఏడు కళ్లంలోంచి మిరపకాయల బస్తాలు పోయాయి, కాపలాకి మంచి కుక్క కావాలని నాన్న ఎవరితోనో అంటే ఆ మాట షేక్ మస్తాన్ వలి గారి చెవిన పడింది. ఆయన పోలీసు శాఖలో కుక్కలకి తర్ఫీదు ఇచ్చి రిటైరయి, పేటలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆల్సేషన్లని పెంచేవారు. ఆయన మనవడు నాన్న దగ్గర చదివాడు. ఆ గౌరవం కొద్దీ రెండు నెలల పిల్లని బుట్టలో పెట్టుకుని తనే బస్సులో తెచ్చారు. దాంతో పాటు ఒక ఫారం కూడా ఇచ్చి, "మాస్టారూ, ఇది అసలైన జాతి. మద్రాసు కెన్నెల్ క్లబ్బులో దీని తల్లీ తండ్రీ పేర్లున్నాయి. ఇది నింపి పంపితే దీనికీ సర్టిఫికెట్టు వస్తది. అశ్రద్ధ చేయొద్దండి" అని మరీమరీ చెప్పారు. సర్టిఫికెట్టు అనగానే నాన్న మొహం వెలిగిపోయింది. మర్నాడు స్నానం చేసి, సిరా నింపుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫారం తీశాడు. ఇంగ్లీషులో నా చేతిరాత బాగుంటుందని నన్నే రాయమన్నాడు. యజమాని పేరు రాశాను. రంగు, మగో ఆడో రాశాను. పుట్టిన తేదీ మస్తాన్ వలి గారు చీటీ మీద రాసిచ్చారు. నాన్న పంచాంగం తిరగేసి, నాలుక కరుచుకుని, "అమావాస్య మంగళవారం. అట్లా రాస్తే ఏం బావుంటదమ్మా. మూడు రోజులు ముందుకు జరుపు, తదియ శుక్రవారం, చక్కగా ఉంది" అన్నాడు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. "రాయమ్మా. కుక్కకేగా, ఎవరికి నష్టం" అన్నాడు. రాశాను.

పదిహేను రోజులు గడిచాయి. రోజీ గొలుసుతో కళ్లం అంచున పాకలో ఉండేది, గొలుసు ఎంత పొడుగో దాని లోకం అంత. నేను అన్నం తీసుకెళితే తోక ఊపుతూ గొలుసు చివరిదాకా వచ్చి ఆగేది. మా ఇద్దరికీ కళ్లం దాటే పని లేదని నాయనమ్మ నవ్వేది. ఒకరోజు మద్రాసు నుంచి కవరు వచ్చింది. ఈ ఈతలో పుట్టిన పిల్లలన్నిటి తేదీనీ తల్లి ఉన్న ఇంటివారు మాకు ముందే తెలియజేశారు, మీరు రాసిన తేదీ దానితో సరిపోవడం లేదు, ఏది నిజమో వారి సంతకంతో సహా రాసి పంపండి, అంతవరకు నమోదు కుదరదు అని అందులో ఉంది. మస్తాన్ వలి గారికి కూడా ఒక కవరు వెళ్లినట్టుంది, ఆయన మర్నాడే దిగారు. మజ్జిగ ఇస్తే పుచ్చుకోలేదు, ముందు మాకొచ్చిన కవరు చూపించమన్నారు.

"మాస్టారూ, నేను చీటీ రాసిచ్చానుగా. ఇట్లా ఎందుకైంది?"

"అమావాస్య మంగళవారం అని కాస్త మార్చానండీ. మూడు రోజులే."

"మూడు రోజులైనా మూడేళ్లైనా ఒకటేనండి. దాని తల్లి ఈనేటప్పుడు తెల్లారేదాకా షెడ్లో కూర్చుంది నేను. ఏ రోజో నాకు తెలుసు. నా ఇంట్లో పుట్టిన పిల్లకి తప్పుడు తేదీ ఉండకూడదు. రేపు దీని పిల్లలకి కూడా ఆ తప్పు వెళ్తది."

నాన్నకి ఎవరూ ఎప్పుడూ అలా చెప్పలేదు. నేను గడప దగ్గర నిలబడి వింటున్నాను. నాన్న వెంటనే లోపలికి వెళ్లి ఫుల్‌స్కేప్ కాగితం తెచ్చుకున్నాడు. పడక్కుర్చీ చేతుల మీద పలక పెట్టుకుని ఇంగ్లీషులో రాశాడు. ఫలానా కుక్కపిల్ల పుట్టిన తేదీని నేను తప్పుగా రాశాను, ఆ పొరపాటు పూర్తిగా నాది, అసలు తేదీ ఇది, దయచేసి సరిదిద్దవలసింది అని. కింద సంతకం పెట్టాడు, అలవాటు కొద్దీ స్కూలు గుండ్రటి ముద్ర కూడా వేశాడు. మస్తాన్ వలి గారు పక్కన తన సంతకం పెట్టి, అప్పుడు మజ్జిగ తాగారు. మొత్తం పావుగంట పట్టలేదు. నేను నెలల తరబడి అడిగిన వాక్యం అది. నేను తప్పుగా రాశాను అన్న ఆ వాక్యం ఆయన కలంలోంచి ఒక కుక్క కోసం అంత సులువుగా వచ్చేసింది.

ఆ కాగితం పోస్టులో వేయకముందే నేను దానికి నకలు తీశాను. అక్షరం పొల్లుపోకుండా అదే రాసి, రోజీ పేరున్న చోట నా పేరు, రోజీ తేదీ ఉన్న చోట నా తేదీ వేశాను. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. నాన్న చదివి, "ఏంటమ్మా ఇది" అన్నాడు.

"నిన్న మీరు రాసిందే నాన్నా. పేరు మార్చానంతే."

ఆయన కాగితాన్ని మళ్లీ గ్లాసు పక్కనే పెట్టేశాడు. తర్వాత, "కుక్కకి ఉద్యోగం లేదమ్మా. రిటైరయ్యేది లేదు. దానికి ఏ తేదీ అయితే ఏంటి" అన్నాడు.

"నాకూ ఉద్యోగం లేదుగా నాన్నా. ఈ ఏడు ఎలాగూ పోయింది, నా తేదీ నాకు కావాలి."

"నీ ఒక్కదాని సంగతి కాదే. కోటయ్య కొడుకు నేను రాసిన తేదీ మీద మిలిటరీలో చేరాడు. సాంబయ్య కూతురికి టీచరు ఉద్యోగం వచ్చింది. నా రాత తప్పని నేనే రాసిస్తే రేపు ఏ తగాదాలోడో అర్జీ పెడతాడు, వాళ్లందరి మెడకీ చుట్టుకుంటది. నా ఉద్యోగం సంగతి సరే అనుకో."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. వంటింటి గుమ్మంలో అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది. నాన్న మాటకి ఎదురు మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు. "కన్నది నేను. మాఘమాసం, రెండో కోత, ఆదివారం. నా సంతకం పెడతాను, పంపించండి" అంది.

"నువ్వు చెబితే ఆఫీసులో వింటారుటే?"

"ఆ సాయిబుగారు చెబితే మద్రాసులో విన్నారుగా" అంది అమ్మ.

నాన్న లేచి బడికి వెళ్లిపోయాడు. అమ్మ చెప్పినట్టుగా నేను ఇంకో కాగితం మీద అర్జీ రాశాను. అమ్మ నా పక్కన కూర్చుని, కలం బిగించి పట్టుకుని, ఒక్కొక్క అక్షరమే రాసింది. ఆమెకి తన పేరు రాయడం తప్ప ఇంకేం రాదు. ఇంటిపేరు దగ్గర ఆగి, పుట్టింటిది రాయాలా మనదా అని అడిగింది. ఆ కాగితాన్ని నేనే జిల్లా విద్యాశాఖ ఆఫీసుకి పోస్టు చేశాను. ఆ తర్వాత నలభై రోజులు నేను ఇంట్లో ఉన్నట్టే లేను. సైకిలు గంట వినిపిస్తే వాకిట్లోకి పరుగెత్తాను. రోజీ సర్టిఫికెట్టు వచ్చింది, పెద్ద ముద్రతో, తాతముత్తాతల పేర్లతో. నాన్న దాన్ని ఫ్రేము కట్టించి పడక్కుర్చీ పైన తగిలించాడు. వచ్చినవాళ్లంతా దాన్ని చదివారు. నాకు మాత్రం ఏ కవరూ రాలేదు.

రాదని తర్వాత తెలిసింది. ఆఫీసువాళ్లు నా అర్జీని, మొదటి రిజిస్టరు ఎక్కడుందో ఆ బడికి, అభిప్రాయం కోసం పంపారు. అంటే నాన్నకే. ఆయన దాన్ని ఇంటికి తెచ్చాడు. భోజనం చేసి చేయి కడుక్కుని, అమ్మ ఎదురుగానే బల్ల మీద పరిచాడు. అమ్మ సంతకం పైకే కనిపిస్తోంది. అందంగా, తొందర లేకుండా, కింద రెండు వరసలు రాశాడు. ఏం రాశారు నాన్నా అని అడిగాను. "రిజిస్టరులో ఉన్నదే రాశాను" అన్నాడు. ఉన్నదే సరైన తేదీ అని రాశాడు. అమ్మ కంచం తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ రోజు నుంచి ఆయనకి ఎదురుగా కూర్చుని ఆమె అన్నం తినలేదు, చాలా ఏళ్లపాటు.

పైఏడు ఎంట్రన్సు రాశాను, సీటు రాలేదు. ముందు ఏడు, చదువు వేడి మీద ఉండగా రాస్తే వచ్చేదా అంటే చెప్పలేను. నలభై ఏళ్లకు పైగా ఆ ప్రశ్న దగ్గరే తిరుగుతున్నాను, అందులోంచి బయటికి దారి లేదు. నాతో చదివి నాకంటే తక్కువ మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, నేను ఇంట్లో కూర్చున్న ఆ ఏడే సీటు తెచ్చుకుని ఇక్కడే గుంటూరులో డాక్టరయింది. ఇప్పుడు నా మోకాళ్లు చూసేది ఆవిడే. మంచి మనిషి, ఫీజు తీసుకోదు, అందుకే నేను వెళ్లడం తగ్గించాను. ఇప్పుడు ఆసుపత్రిలో బిడ్డ ఏడవగానే చేతికి చీటీ కడుతున్నారు, నిమిషాలతో సహా. మా మనవరాలు ఏ గంటలో పుట్టిందో ప్రభుత్వానికి తెలుసు. ఇందులో కోల్పోయింది కూడా ఏదో ఉంది, రెండో కోత నాడు అని చెప్పుకునే అమ్మలు లేరు. కానీ చెవి అందిందా లేదా అని చూసి ఒక మనిషి ఇంకో మనిషి జీవితాన్ని జరపగలిగే రోజులు పోయినందుకు నాకు సంతోషమే.

పెళ్లయింది, డిగ్రీ ప్రైవేటుగా కట్టాను, గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అమ్మ ముందు పోయింది. నాన్న చివరి రోజుల్లో గుంటూరులో నా దగ్గరే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నేను ఆఫీసుకి సెలవు పెట్టి ఆయనకి జావ తాగిస్తున్నాను. ఉన్నట్టుండి, "ఇంకా ఎంత సర్వీసుందమ్మా నీకు" అని అడిగాడు. మూడేళ్లని చెప్పాను. ఆయన వేళ్ల కణుపులు లెక్కపెట్టుకున్నాడు, తప్పిపోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "అసలైతే నీకు ఏడాదిన్నరే ఉండాలి. మిగతాది నేనిచ్చింది" అన్నాడు. ఆయన మొహంలో ఎంత తృప్తి ఉందంటే, అంత తృప్తిని నేను ఆయనలో రోజీ సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించిన నాడు కూడా చూడలేదు. క్షమించమ్మా అని ఒక్కసారి అనండి, ఒక్క వాక్యం అనండి, ఆ కుక్కకి రాసిచ్చినట్టు రాసివ్వక్కర్లేదు, నోటితో అనండి చాలు అని అడగాలనుకున్నాను. ఆయన నా జవాబు కోసం చూస్తున్నాడు. "అవును నాన్నా, మీరిచ్చిందే" అన్నాను. ఇంకో చెంచా జావ నోటికి అందించాను.

ఆ నెలాఖరుకి ఆయన పోయాడు. ఆయనిచ్చిన ఏడాదిన్నర మొదలైనప్పుడు నాకు అసలు లెక్కన యాభై ఎనిమిది, రిటైరయ్యే వయసు నిండింది. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్లి ఆఫీసులో నా కుర్చీలో కూర్చునేదాన్ని. పదిహేడేళ్ల పిల్లకి దక్కాల్సిన కాలాన్ని ఈ వయసు మనిషి చేతిలో పెడితే దాంతో ఏం చేసుకోవాలో నాకు చివరి రోజు దాకా తెలియలేదు.